ఎనిమిదో అద్దం

"ఆగు బావా, మీట నొక్కకు! అమ్మాయిని చూడనివ్వు!" అని అరిచాను.

లేజరు నడిపే మా బావ చెయ్యి ఆగింది. "నువ్వు పూత వేసిన ఏడు అద్దాలూ మాడాయి. ఈ ఎనిమిదోదీ మాడితే ఇవాళే మీ విభాగం మూత. పన్నెండుమంది ఇళ్లకు పోతారు. ఇంకా ఏం చూస్తార్రా?"

నేను వేసే పూత మీద ఈగ వాలితే కాలుజారి నడుం విరగ్గొట్టుకుంటుంది. అలాంటి పూత ఈ కొత్త లేజరు తగలగానే గుంటపడుతోంది.

మాడిన అద్దాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తున్న నా కూతురు తలెత్తింది. "నాన్నా, పూతలో లోపం లేదు. పైన ఏదో తుంపర ఎండింది. లేజరుకి అది మాడి పూతని చీల్చింది. మాస్కు లేకుండా ఎవరో వంగారు."

"ఎవడే కోడలా ఆ దద్దమ్మ?" అన్నాడు బావ.

 నా కూతుర్ని మొదటిసారి బడికి పంపినప్పుడు నుదుటిమీద ఊది, "వెళ్లిరా తల్లీ" అన్నాను. ముప్పై ఏళ్లుగా ప్రతి అద్దాన్నీ మాస్కు దించి అలాగే సాగనంపుతున్నాను. పాత లేజర్లు బలహీనమైనవి కనుక ఊరుకున్నాయి.

"నేనే బావా. దీనిమీద కూడా ఊదాను. పూత మంచిదేనని రాయి. వాళ్లని ఉంచి, నన్ను పంపెయ్."

బావ నన్ను బయటికి పొమ్మని తలుపు చూపించాడు. 

కూతురు ఎనిమిదో అద్దాన్ని కడిగి మళ్లీ బిగించింది. నేను గాజుగోడ బయట నిలబడ్డాను. లేజరు తగిలింది. అద్దం నిలిచింది.

లోపల అందరూ ఎగిరి గంతేశారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.