ఇబ్బంది ఏమీ లేదు

"మీవాడు తనకు తెలీకుండానే మెడ ఎగరేయడం, ఉన్నట్టుండి అరవడం వల్ల బడిలో ఇబ్బంది ఎంత? సున్నా నుంచి అయిదులోపు చెప్పండి."

"సున్నా," అంది తల్లి ఒబ్దూలియా.

ఇంట్లో? సున్నా. స్నేహితులతో? సున్నా.

డాక్టర్ మరిక్రూస్ కళ్లు నలుపుకుంది. ఇంగ్లీషులో ఉన్న ఈ ప్రశ్నలను స్పానిష్‌లోకి తెచ్చి, మెక్సికోలోని ప్యూబ్లా ఊరి తల్లుల దగ్గర సరిచూసుకోవడంతోనే ఆమె వేసవంతా గడిచిపోయింది. ఆ 'ఇబ్బంది' అన్న మాటనే ఎన్నిసార్లు మార్చిందో. మళ్లీ కుదరనట్టే ఉంది.

"ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదేమో, సెన్యోరా?"

"భలేవారే డాక్టరమ్మా, అర్థం కాకేం? వాణ్ణి బడి మాన్పించేశాం. ఇంటికి ఎవర్నీ పిలవడం లేదు. చర్చికి కూడా ఓ ఆదివారం నేను, ఓ ఆదివారం మా ఆయన వెళ్తాం. రెండోవాళ్లం వాడి దగ్గరుంటాం. ఇంక ఇబ్బంది ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మరిక్రూస్ ప్రశ్నలు దిద్దే ఎర్ర పెన్నుకు మూత పెట్టేసింది. కొట్టెయ్యడానికి తప్పు మాటేదీ లేదు.

ఒబ్దూలియా సంచీ భుజాన తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నీ సున్నాలే వచ్చాయిగా డాక్టరమ్మా. ఇంక వాణ్ణి బడికి పంపొచ్చా?"