కుక్క సాక్ష్యం

రోజీ వచ్చి బాలనర్సయ్య పటేలు మంచం ముందు కూర్చుంది. ముందరి కాలు ఎత్తి పటేలు మోకాలి మీద పెట్టింది.

అరుగు మీదున్న పెద్దమనుషులు పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా పటేలే నవ్వాడు.

"ఏం సాబ్, పట్నంల దీనికి గిదేనా నేర్పింది? నా చెరుకు నేనే తగలవెట్టుకున్ననా?"

కుక్కను పట్టుకున్న కానిస్టేబుల్ షౌకత్ తల వంచుకున్నాడు. మొన్న రాత్రి పటేలు చెరుకుతోట తగలబడింది. గట్టు మీద ఖాళీ కిరోసిన్ డబ్బా దొరికింది. పోలీసు కుక్క హైదరాబాదు నుంచి వస్తోందని, ఎవరూ ముట్టకుండా దాని మీద గంప బోర్లించారు. ఆ డబ్బా వాసన పట్టుకునే రోజీ గట్ల వెంబడి తిన్నగా ఇక్కడికి వచ్చింది. పట్నంలో దానికి ఎంత పేరని. ఇక్కడ దాని పరువూ, తాడు పట్టుకున్నవాడి పరువూ కలిసి పటేలు చెప్పుల దగ్గర పడ్డాయి.

"మల్ల సూపియ్యి," అన్నాడు ఎస్సై ఆత్మారాం.

షౌకత్ డబ్బా వాసన మళ్లీ చూపించాడు. మళ్లీ అదే గట్టు, అదే అరుగు, అదే మోకాలు.

అరుగు కింద లింబయ్య చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాడు. చెరుకు నరికే నలుగురినీ కూడగట్టి, కూలి పెంచమని అడిగినవాడు. నిప్పు పెట్టింది వాడేనని కుక్క రాకముందే పెద్దమనుషులు తేల్చేశారు. కుక్కను పిలిపించింది దొంగను పట్టడానికి కాదు, తల ఊపించడానికి.

ఎస్సై షౌకత్‌ను పక్కకు పిలిచాడు. "తాడు నీ చేతులనే ఉన్నది గద. గా లింబయ్య కాడికి తీస్కపో."

"సాబ్, వాసన పట్టి దేవులాడమంటే దేవులాడుతది. ఫలానోన్ని పట్టుమంటే దానికి తెల్వది."

"దానికి తెల్వకుంటే నీకు తెల్వదా? నీ కుక్క దేనికీ పనికిరాదని పట్నంకు రాయమంటవా?"

షౌకత్ పటేలు వైపు చూశాడు. సొంత పంటకు నిప్పు పెట్టుకునే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటాడా? తప్పు కుక్కదే. అలా అనుకున్నాక చేయి తేలికైంది. తోలుపట్టా మడిచి రోజీ వీపు మీద రెండు వేశాడు. ఏనాడూ దెబ్బ ఎరగని కుక్క. అరవలేదు, అతని మొహంలోకి చూసింది.

"కొట్టకు సాబ్," అన్నాడు లింబయ్య. "అది కరెక్టుగనే..."

ఎస్సై బూటు ఆ మాట పూర్తి కానివ్వలేదు.

షౌకత్ రోజీని ఈడ్చుకెళ్లి లింబయ్య ముందు నిలబెట్టాడు. "స్పీక్," అన్నాడు గొంతు తగ్గించి. మొరగమన్నప్పుడు మొరగాలని అతనే నేర్పిన మాట అది. రోజీ మొరిగింది.

"రాస్కో," అన్నాడు ఎస్సై జమేదారుతో. "కుక్క దొంగను పట్టింది."

పటేలు ఇంట్లో కోళ్లు తెగాయి. సర్కారు న్యాయం కడుపు నిండా తిని, చేయి కడుక్కుని, పొద్దు వాలుతుండగా జీపెక్కింది. ముందు ఎస్సై. వెనక బేడీలతో లింబయ్య, పక్కన షౌకత్, వాళ్ల కాళ్ల దగ్గర రోజీ.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర జీపు ఆగిపోయింది. చెరుకు బండ్లు కనుచూపు మేర బారులు తీరి ఉన్నాయి. రైతులు బండ్ల కిందనే వండుకు తింటున్నారు. ఇంతలో ఆ వరుసను దాటుకుంటూ నల్లగా మాడిన చెరుకుతో పటేలు బండ్లు వచ్చాయి. గేటు తెరుచుకుంది. వరుసలో ఉన్నవాళ్లు తిట్టుకుంటూ ఎడ్లను పక్కకు లాగారు.

"వీళ్లకు వరుస లేదా?" అన్నాడు షౌకత్.

"కాలిన చెరుకు ఆగది సాబ్," అన్నాడు లింబయ్య. "రెండు మూడు దినాలు పోతే రసం ఖరాబైతది. అందుకే ముందుగాల తీస్కుంటరు. పచ్చి చెరుకైతే పటేలుకు వరుస రానీకి ఇంకో నెల పడ్తుండె."

"గీ సంగతి ఎవరెవరికి ఎరుక?"

"చెరుకు నాటినోల్లందరికి ఎరుకనే. మీకే ఎరుక లేదు."

షౌకత్ రోజీ వీపు చూశాడు. పట్టా దెబ్బకు వెంట్రుకలు ఇంకా లేచే ఉన్నాయి. ముందుకు వంగి ఎస్సై భుజం పట్టుకున్నాడు.

"సాబ్, జీపు మలపుండ్రి. కుక్క నిజమే చెప్పింది. పటేలే తగలవెట్టుకున్నడు. ఈన్ని ఇడిచిపెట్టుండ్రి."

ఆత్మారాం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. డ్రైవరు భుజం తట్టాడు.

"జీపు జెర పక్కకు తియ్యి. పటేలు బండ్ల ఎనకనే మా మామ బండ్లు వస్తున్నయి, గా చెరుకు గూడ కాలిందే."