కేశవరావు గారి సందేహం

"ఎవరీ లక్ష్మీపతి?"

చెప్పులు తొడుక్కుంటున్న ఆండాళ్ ఆగి వెనక్కి చూసింది. ఆమె భర్త ఫణికుమార్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద ఆమె మెయిలు.

"నా మెయిల్ చదివారా?"

"తెరిచి ఉంటే కనబడింది. 'నిన్న మీతో మాట్లాడాక మనసు కుదుటపడింది, ఆదివారం మునిర్కాలో కలుద్దాం' అట. ఎవరతను?"

"మా లినక్స్ కంప్యూటర్ల గ్రూపులో ఉంటారు. ఎయిర్‌ఫోర్స్ ఆయన. లైబ్రరీల గురించి మాట్లాడుకున్నాం, అంతే."

"మనసు కుదుటపడేంతగా ఉంటాయా లైబ్రరీలు?"

ఆండాళ్ రెండో చెప్పు తొడుక్కుంది. ఢిల్లీలో ఆ కొసనున్న మయూర్ విహార్ నుంచి ఈ కొసనున్న మునిర్కాకి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వెళ్తుంది. వెళ్ళేటప్పుడు ఆమె మొహంలో కనబడే హుషారు ఇంట్లో తనెప్పుడూ చూడలేదని ఫణికి మంట.

"ఏదన్నా తెలియకపోతే నన్నడగొచ్చుగా. పన్నెండేళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఆ మీటింగులు మానెయ్."

ఆమె కంప్యూటరు వైపు వేలు చూపించింది.

"సరే. ఈ మిషన్‌లో చాలా ప్రోగ్రాములు వాడుకునే ఎక్స్‌పాట్ అనే లైబ్రరీ ఫైలు ఇంకా పాతదే ఉంది. సాయంత్రానికి కొత్తది వేసి, అన్ని ప్రోగ్రాములూ నడిచేలా చెయ్యండి. ఇక వెళ్ళను."

"మాటేనా?"

"మాటే" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఫణి ఒక్క కమాండు కొట్టాడు. సోర్సు కోడ్ నెట్ నుంచి దిగింది, మిషన్‌లోనే తయారై బిల్డు అయింది, కొత్త లైబ్రరీ వచ్చి కూర్చుంది. ఇంతోటి దానికి మునిర్కా దాకా వెళ్ళాలా అనుకుంటూ ఫణి మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు.

డెస్క్‌టాప్ రాలేదు. నల్ల తెర మీద తెల్లటి అక్షరాల్లో ఏదో ఫైలు దొరకలేదని వచ్చింది. బ్రౌజరూ లేవలేదు, మెయిలూ తెరుచుకోలేదు. ఏది పిలిచినా అదే మాట. ప్రాజెక్టు మేనేజరయ్యాక ఆఫీసులో అతను తెరిచేవి ఎక్సెల్ షీట్లే. గంటసేపు తంటాలు పడ్డాడు. చివరికి ఆ ఎర్రరు కాగితం మీద రాసుకుని, ఎండలో నడుచుకుంటూ మార్కెట్‌లో సైబర్ కెఫేకి వెళ్ళాడు.

నెట్‌లో ఎక్కడ వెతికినా చివరికి ఒకే సలహా. ఢిల్లీ లినక్స్ గ్రూపుకి రాయండి.

ఆ గ్రూపు ఆండాళ్ వాళ్ళదే, ఆదివారాలు మునిర్కాలో కూర్చుని సందేహాలకి జవాబులు రాసేది. తన పేరుతో రాస్తే ఆమెకి తెలిసిపోతుంది. అందుకని ఫణి వాళ్ళ తాతయ్య పేరుతో, కేశవరావు అని కొత్త మెయిల్ ఐడీ తెరిచాడు. జరిగింది రాసి పంపాడు.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. కింద పేరు లేదు, 'సహాయ విభాగం' అని మాత్రం ఉంది.

'కేశవరావు గారూ, కంగారు పడకండి. మీవేవీ పోలేదు. మీ ప్రోగ్రాములన్నీ పాత లైబ్రరీని నమ్ముకుని బిల్డు అయినవి. కొత్తది రాగానే పాత ఫైలు తొలగిపోయింది, అందుకే లేవడం లేదు. వాటిని కొత్త దాని మీద మళ్ళీ బిల్డు చేస్తే చాలు. ఏవేవి చెయ్యాలో వెతికి పెట్టే కమాండు కింద ఇస్తున్నాను. కొత్తలో అందరికీ జరిగేదే.'

ఫణికి ఒళ్ళు మండింది. ఇది లక్ష్మీపతే, సందేహం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషికే ఇంత మెత్తగా రాసేవాడు, పక్కన కూర్చున్న ఆడమనిషితో ఇంకెంత మెత్తగా మాట్లాడతాడో. ఎవరి మనసైనా కుదుటపడుతుంది మరి.

అయినా కమాండు రాసుకున్నాడు.

ఇంటికొచ్చి కొడితే ముప్ఫై ఒక్క ప్రోగ్రాముల జాబితా వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి బిల్డు అవుతూ తొమ్మిదో దాని దగ్గర ఆగిపోయింది. జాబితా అంతా కాగితం మీదకెక్కించి, మళ్ళీ ఎండలోకి.

"క్యా భాయీసాబ్, ఫిర్ సే?" మళ్ళీ వచ్చారేంటని నవ్వాడు కెఫే అతను.

రెండో జవాబు ఇంకా తొందరగా వచ్చింది. 'ఆ తొమ్మిదోది పదిహేడో దాని మీద ఆధారపడుతుంది. ముందు పదిహేడోది బిల్డు చేసి, తర్వాత జాబితా కొనసాగించండి. ఓపిగ్గా ఇంతదూరం వచ్చారు, ఇంకొంచెమే. భోంచేశారా?'

ఫణి ఆ చివరి మాట రెండుసార్లు చదివాడు. భోజనం సంగతి గుర్తే లేదు. పరాయి మగాడు అడిగేదాకా తన ఆకలి తనకు తెలియకపోవడం అతనికి మరీ చిన్నతనంగా అనిపించింది. ఇంటికొచ్చి, ఫ్రిజ్‌లోని పెరుగన్నం తింటూ, తెర మీద పాకుతున్న అక్షరాల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆరున్నరకి ముప్ఫై ఒకటోది అయింది. మిషన్ ఆపి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చింది. బ్రౌజరు, మెయిలు, ఆండాళ్ వినే పాటలు, అన్నీ లేచాయి.

ఏడింటికి ఆమె వచ్చేసరికి ఫణి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"చూసుకో. అన్నీ నడుస్తున్నాయి."

ఆండాళ్ బ్యాగు దించి ఒక్కొక్కటీ తెరిచి చూసింది. "బాగున్నాయి. ఎలా చేశారు?"

"ఏముంది, ప్రోగ్రాములన్నీ పాత లైబ్రరీని నమ్ముకుని బిల్డు అయినవి. కొత్త దాని మీద మళ్ళీ బిల్డు చేశాను. ముప్ఫై ఒకటి. మధ్యలో తొమ్మిదోది ఆగింది. అది పదిహేడో దాని మీద ఆధారపడుతుంది కదా, ముందు పదిహేడోది చేశాను."

ఆమె అతని వైపు తిరిగింది. "అంతా మీరే కనుక్కున్నారా?"

"మరెవరు? నీ లక్ష్మీపతా?"

"ఆయన ఈ వారం రాలేదు. డ్యూటీ పడిందట."

ఫణికి ఆ మాట సరిగా బుర్రకెక్కలేదు. "వస్తేనేం, రాకపోతేనేం. మాట గుర్తుందిగా. వచ్చే ఆదివారం నుంచి నువ్వు వెళ్ళవు."

"వెళ్ళను" అంది ఆండాళ్, వంటింటి వైపు నడుస్తూ. "కానీ నేను మానేస్తే, ఈసారి కేశవరావు గారికి జవాబులు ఎవరు రాస్తారు?"