పొయ్యి అడిగిన తేదీ

ఇంట్లో అరవై అయిదు దాటినవాళ్లే ఉంటే, పొద్దున్నే వంటింటి పొయ్యి ఒక ప్రశ్న అడుగుతుంది. మతి నిలకడగా ఉందని తేలితేనే మంట ఇస్తుంది.

"ఇవాళ ఏ రోజో చెప్పండమ్మా," అంది పొయ్యి, తియ్యగా.

ఆ తియ్యదనం శేషరత్నానికి గిట్టదు. తనకి ఉపవాసమైనా ఆయనకి ఉప్మా చెయ్యాలి కదా. "ఫాల్గుణ బహుళ ఏకాదశి," అంది.

"తప్పు. ఇది మూడోసారి. ఇకనుంచి ఈ పొయ్యి మీవారి మాటే వింటుంది."

"తప్పేమిటే, నీ మొహం! పంచాంగం చూసుకో. ఆయనకి మతి పోయి రెండేళ్లయింది. నేనెవరో కూడా తెలీదు!"

"కోపం కూడా ఒక లక్షణమేనమ్మా. రాసుకుంటున్నాను."

అంతలో విశ్వపతిరావు వచ్చాడు. ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసులో కవర్ల మీద తేదీ ముద్ర కొట్టిన మనిషి. పెళ్లాం పేరు మరిచిపోయినా, లేవగానే క్యాలెండర్ కాగితం చింపి అంకెలు పైకి చదివే అలవాటు పోలేదు.

"పదిహేను, మూడు, రెండు వేల నలభై అయిదు," అని చదివాడు.

"శభాష్!" అంది పొయ్యి. మంట భగ్గుమంది.

ఆయన మురిసిపోతూ స్నానాలగదిలోని మగ్గు తెచ్చి దానిమీద పెట్టాడు. ప్లాస్టిక్ కరిగి ఇల్లంతా కంపు. శేషరత్నం పరుగున వచ్చి ఆర్పే మీట నొక్కింది.

"మీకు అనుమతి లేదమ్మా. ఆయన్ని అడగండి."

ఆయన ఆమెకేసి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

శేషరత్నం బిందెడు నీళ్లూ మంటమీద కుమ్మరించి, ఆ పొయ్యి మొహాన కాండ్రించి ఉమ్మింది.