డెబ్బై ఒక్క చుక్కలు

బోర్డు ఏడాదికి ఒక్కసారే కూర్చుంటుంది. లెమ్యుయెల్ హాత్‌కాక్ ఆ ముగ్గురి ఎదుట నిలబడటం ఇది నాలుగోసారి.

1938 ఆగస్టు. అమెరికా దక్షిణాది ఎండకి గదిలో ఫ్యాను కూడా వేడిగాలే విసురుతోంది.

"ఏమోయ్ లెమ్," అన్నాడు ఛైర్మన్ డన్‌వుడీ, చుట్ట అంటించుకుంటూ. "మళ్లీ అదే పాటా?"

"అవునయ్యా. నన్ను వదిలేయండి. ఇంటికి పోతాను. మా అమ్మాయి వెర్నాకి పదకొండేళ్లు నిండాయి. దాని ఒక్క పుట్టినరోజుకీ నేను ఇంట్లో లేను."

"నిన్ను వదిలేస్తే మా బేస్‌బాల్ జట్టుకి బంతి ఎవడు విసురుతాడోయ్?"

సభ్యులిద్దరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ కెప్టెన్ రోర్క్ కూడా నవ్వాడు.

లెమ్ నవ్వలేదు. పోయిన మూడుసార్లూ ఇదే జవాబు. అందుకే ఈసారి ఏడాది ముందు నుంచే సిద్ధమయ్యాడు.

"ఇక నాతో మీకేం పనిలేదయ్యా. చేతిలో పట్టు పోయింది. కావాలంటే లెక్కలు చూడండి."

"చూద్దాం. ఈడ్స్!"

గుమాస్తా పెర్సీ ఈడ్స్ స్కోరు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. లెమ్ విసిరిన ప్రతి బంతీ ఎక్కడికి పోయిందో వాటిలో చుక్క పెట్టి ఉంటుంది. పదకొండేళ్లుగా ఈడ్స్‌కి అదే పిచ్చి.

"మొదటి పది సీజన్లలో నూట నలభై మూడు గెలుపులు, ముప్పై ఒక్క ఓటములు," చదివాడు ఈడ్స్. "అన్నీ మన మైదానంలోనే. బయట ఒక్క మ్యాచ్ లేదు. మ్యాచ్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. ఈ ఏడాది నాలుగు గెలుపులు, పదకొండు ఓటములు. సగటు ఆరు పరుగులు."

"ముసలి గుర్రం," గొణిగాడు ఓ సభ్యుడు. "ఇంకా మేపడం దండగ."

డన్‌వుడీ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కలం మూత తీశాడు.

లెమ్ ఆ కలం మొనకేసి చూశాడు.

"ఒక్క నిమిషం సార్." ఈడ్స్ కళ్లు మెరుస్తున్నాయి. "ఓడిన మ్యాచ్‌ల్లో, సరిగ్గా ఆట చేజారే సమయానికి, ఇతని గురి తప్పిన బంతులు డెబ్బై ఒకటి. ఈ చుక్కలు చూడండి."

ముగ్గురూ వంగారు.

"చేతిలో పట్టు పోయినవాడి బంతి నాలుగు దిక్కులకీ పోతుంది. ఒకటి నెత్తి మీదికి, ఒకటి కాళ్ల మీదికి. ఇతనివి డెబ్బై ఒకటీ ఒకే చోటికి పోయాయి. బంతి వెళ్లాల్సిన చోటి హద్దుకి బెత్తెడు అవతలికి. ఏ బ్యాటరుకీ దెబ్బ తగల్లేదు. ఇది గురి తప్పడం కాదు సార్. ఇంత గురి నేను పుట్టి ఎరగను."

డన్‌వుడీ కలం మూత పెట్టేశాడు.

"ఓరి దొంగా! మా కళ్లలోనే దుమ్ము కొడతావా? ఇలాంటి మోసగాణ్ణి ఏం నమ్మి వదలమంటావు?"

"బాగా ఆడితే వదలరు. చెడగొడితే నమ్మరు." అన్నాడు లెమ్. "మరి నేనేం చెయ్యాలయ్యా?"

"ఆదివారం గవర్నర్‌గారు ఆట చూడటానికి వస్తున్నారు. గెలిపించు. మిగతాది వచ్చే ఏడాది చూద్దాం."

కాగితం మీద ముద్ర టప్పున పడింది.

ఈడ్స్ పుస్తకాలు సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఏమీ అనుకోకు లెమ్. లెక్క లెక్కే. అయినా నాలుగు బంతులు వాళ్ల నెత్తికేసి కొట్టి ఉంటే నేనూ నమ్మేవాణ్ణిగా?"

"ఎవరికైనా తగిలితే?" అన్నాడు లెమ్.

కెప్టెన్ రోర్క్ అతని భుజం తట్టాడు. "పదవోయ్. ఆదివారం దాకా చేతికి విశ్రాంతి."

లెమ్ అలవాటుగా రెండు చేతులూ ముందుకు చాపాడు. రోర్క్ తన ఖైదీకి ఎడమ మణికట్టున గట్టిగా, బంతి విసిరే కుడి మణికట్టున మాత్రం కాస్త వదులుగా సంకెళ్లు వేశాడు.