ఈశాన్యంలో ఇంకుడు గుంత

మొదట హెడ్మిస్ట్రెస్ వసుంధర తనే చెప్పి చూసింది.

పెనుకొండ దగ్గరి ఆ పల్లెలో బడి ఎప్పటిదో రాతి కట్టడం. గోడలు గట్టివే. కానీ ఏప్రిల్ వచ్చిందంటే లోపల పిల్లలు ఉడికిపోతారు. ఈసారి బాగుచేయించకపోతే సెలవుల్లో కూల్చేసి రేకుల గదులు వేయడం ఖాయం. ఆ రేకుల కింద ఏప్రిల్ ఎలా ఉంటుందో తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పడుతున్నాయి.

ఖర్చు పెట్టడానికి పూర్వ విద్యార్థుల సంఘం ముందుకొచ్చింది. చెక్కు మీద ఇద్దరు సంతకం పెట్టాలి. అధ్యక్షుడు హనుమప్పకు హిందూపురంలో చింతపండు మండీ ఉంది. ఆయన క్షవరానికి కూడా రాహుకాలం చూసుకుంటాడు. కోశాధికారి జయప్రకాష్ కదిరిలో ఫిజిక్స్ లెక్చరర్. ఆయనకు అలాంటి నమ్మకాల్లేవు. కారు ముందు నిమ్మకాయ కట్టుకుంటాడు గానీ, అది సిట్రిక్ యాసిడ్ కోసం.

"ఉత్తరం పక్క మూసేసిన కిటికీలు తెరిపిద్దాం సార్," అంది వసుంధర. "పడమట వేపచెట్లు నాటితే మధ్యాహ్నం ఎండ గోడకు తగలదు. మిద్దెకు తెల్లగా సున్నం కొట్టిద్దాం. వాన నీళ్లన్నీ ఈశాన్యం మూలకే పారతాయి, ఆడ ఇంకుడు గుంత తవ్విద్దాం. వంటగది ఆగ్నేయానికి మారిస్తే పొగ క్లాసుల్లోకి రాదు."

జయప్రకాష్ జాలిగా నవ్వాడు.

"మేడం, మీరు తెలుగు టీచరు. పద్యం చదవడంలో మీ తర్వాతే ఎవరైనా. ఇది గ్రీన్ బిల్డింగ్ సబ్జెక్టు. క్వాలిఫైడ్ ఇంజనీరు చెప్పాల."

"ఇంజనీరా?" అన్నాడు హనుమప్ప. "మా ఇంటికి వాకిలి పెట్టింది ఇంజనీరే కదప్పా. పీకి పెట్టించలేక నా పానం పోయింది. సిద్ధాంతి వచ్చి, నిలబడి చూసి చెప్పాల. అప్పుడే నా సంతకం."

"సిద్ధాంతి వచ్చిన దినం నేను ఈ గేటు కాడికి గూడా రాను."

"మంచిది. ఇంజనీరు వచ్చిన దినం నాకు మండీలో పనుండాది."

వసుంధర ఇద్దరికీ టీ పోసింది. వేర్వేరు రోజుల్లో ఇద్దర్నీ పిలిపిస్తానంది.

శనివారం బెంగళూరు నుంచి ఇంజనీరు వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, తల మీద టోపీ, మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్. తెలుగు మాట్లాడ్డానికి కొంచెం ఇబ్బంది పడ్డాడు. దాంతో జయప్రకాష్‌కు ఆయన మీద గౌరవం పెరిగింది.

"నార్త్ విండోస్ ఓపెన్ చేస్తే క్రాస్ వెంటిలేషన్," అన్నాడు ఇంజనీరు. "వెస్ట్‌లో ట్రీ బఫర్. రూఫ్‌కు హై రిఫ్లెక్టివ్ సర్ఫేస్."

"అంటే సార్?"

"తెలుపు. నార్త్ ఈస్ట్‌లో రీఛార్జ్ పిట్. విండ్ ప్యాటర్న్ ప్రకారం కిచెన్ సౌత్ ఈస్ట్."

వెనక నిలబడ్డ వసుంధర, పాఠం అప్పజెప్పించుకునే టీచరులా మాట మాటకీ తలూపింది. ఎంతైనా అలవాటు.

"చూసినారా మేడం," అన్నాడు జయప్రకాష్. "చదువుకున్నోళ్ల మాటే వేరు."

తర్వాతి శుక్రవారం కన్నడ దేశం నుంచి సిద్ధాంతి వచ్చాడు. పట్టు పంచె, మెడ నిండా రుద్రాక్షలు, ముఖం కనిపించనంత విభూతి. ఆయన బడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు. హనుమప్ప చేతులు జోడించాడు.

"ఉత్తరం కుబేర స్థానం," అన్నాడు సిద్ధాంతి. "కుబేరుని మొహాన ఇటుకలు పేర్చినారు. తీయించాల. పడమట బరువుండాల, వృక్షాలు పెట్టండి. మిద్దెకు చంద్ర వర్ణం."

"అంటే సామీ?"

"తెలుపు. ఈశాన్యాన గంగ. ఆగ్నేయాన అగ్ని."

హనుమప్ప వంగి కాళ్లకు మొక్కాడు. లేచి వసుంధర వైపు తిరిగాడు.

"విన్నావామ్మా? టేపు పట్టలేదు, కంప్యూటరు తీయలేదు. శాస్త్రమంటే అదీ."

ఆ సాయంత్రమే ఆయన జయప్రకాష్‌ను ఓడిద్దామని ఫోన్ చేశాడు. జయప్రకాష్ కూడా ఆయన్ను ఓడిద్దామనే ఎత్తాడు. ఒకరిది ఒకరు విన్నారు. ఇద్దరు పెద్దలూ చెప్పింది ఒకటే.

తెల్లారేసరికి సంఘం వాట్సాప్ గ్రూపులో సందేశం పడింది. సైన్సూ శాస్త్రమూ ఒకటేనని మన బడి నిరూపించింది. కింద దండాలు, జెండాలు, పూలు. మన పెద్దలు ఊరికే చెప్పలేదని ఒకరు, నాసా వాళ్లు కూడా ఇదే చెప్పారని మరొకరు.

చెక్కు మీద రెండు సంతకాలూ పడ్డాయి.

ఆదివారం ఇద్దరూ ఒకే కారులో బడికి వచ్చారు. వసుంధర చెయ్యి చాచబోయింది. హనుమప్ప చెక్కును తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"అట్ల గాదమ్మా. పని మొదలుపెట్టే దినం ఫంక్షన్ చేస్తాం. ఆ ఇంజనీరునూ సామినీ ఒకే స్టేజి మీద నిలబెట్టాల. వాళ్లిద్దరి చేతుల మీదుగా నీకు చెక్కు."

"ఇద్దరూ షేక్ హ్యాండ్ ఇచ్చుకునే ఫొటో పేపర్లో పడాల," అన్నాడు జయప్రకాష్.

వసుంధర ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"వాళ్లకు తీరిక ఉంటాదో లేదో సార్. పెద్దోళ్లు."

"ఇద్దర్నీ రప్పించే పూచీ నీది," అన్నాడు హనుమప్ప. "ఒక్కడు రాకున్నా చెక్కు లేదు. రేకులేసుకోండి."

వాళ్ల కారు రోడ్డెక్కాక వసుంధర ఫోన్ చేసి ఉన్నదంతా చెబితే, ధర్మవరంలో పట్టుచీరల కొట్టు నడిపే ఆమె తమ్ముడు ప్రవీణ్, "అయితేక్కా, ఆ పొద్దు నేను ప్యాంటేసుకొని రావాల్నా, పంచె కట్టుకొని రావాల్నా?" అని అడిగాడు.