పన్నెండంకెల సంఖ్య

"శేషం ఎంతండీ?" కళ్లు తెరవకుండానే అడిగింది సత్యవాణి.

"నూట నాలుగు."

"అయితే ఇదీ కాదు. కొట్టేయండి."

గురునాథరావు పట్టికలో ఆ సంఖ్యని పెన్సిల్‌తో కొట్టేశాడు. హిందీ మాట్లాడే ఉక్కు ప్లాంట్ ఊళ్లో, వైశాలి నగర్‌లో పాతికేళ్లుగా నట్లూ బోల్టులూ అమ్ముతున్న మనిషి. భార్య మంచం పక్కన కూర్చుని భాగహారాలు చేయాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

మూడేళ్ల కిందట ఆమెకో పోస్టుకార్డు వచ్చింది. ఒకవైపు విజయనగరం ముద్ర, రెండోవైపు కోడి గెలికినట్టు రాత. 'టీచరు గారూ, ఈ పన్నెండంకెల సంఖ్య రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండూ ఏవో మీరైతేనే చెప్పగలరు. ఇట్లు, మీ పాత విద్యార్థి.'

సత్యవాణి ప్లాంట్ వాళ్ల సెక్టార్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసింది. కార్డు చూసి లేచి కూర్చుంది. కార్డు మాట నమ్మకుండా, అది ప్రధాన సంఖ్య కాదని తనే రుజువు చేయడానికే పదిహేను రోజులు పట్టింది.

"చూశారా, విడిపోతుందని తేలిపోయింది. ఏది విడగొడుతుందో మాత్రం తెలీదు. చిత్రం కాదూ?"

"ఏటి చిత్రం? తేలితే కేజీ మేకులొస్తాయా?" అన్నాడు గురునాథరావు.

పదిలక్షల లోపు ప్రధాన సంఖ్యల పట్టిక పుస్తకం ఆమె దగ్గరుంది. రెండు వందల పేజీలు. మొదటి పేజీ నుంచి ఒక్కొక్క సంఖ్యతోనూ భాగించడం మొదలెట్టింది. కాలిక్యులేటర్ ఇస్తే పక్కన పడేసింది.

"ఇది దొరికేదాకా నేనెక్కడికీ పోను," అని నవ్వింది. డాక్టరు ఆమెకు ఆరు నెలలే గడువిచ్చాడని అప్పటికే ఇద్దరికీ తెలుసు.

ఆరు నెలలు పోయాయి. ఏడాది పోయింది. రెండేళ్లు పోయాయి.

పక్కింటి కనకలత ఓసారి ఉండబట్టలేక అంది. "భయ్యా, మా తమ్ముడు ప్లాంట్‌లో కంప్యూటర్ మీదే పని చేస్తాడు. ఒక్క నిమిషంలో తేల్చి పారేస్తాడు. దీదీకి ఎందుకీ అవస్థ?"

"మా ఇంటి లెక్కకి బయటి మిషన్లెందుకమ్మా?" అని కసిరాడు గురునాథరావు. ఆమె మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది.

దుకాణంలోనూ అతను అంతే. బేరం ఎంత సాగినా ఆఖరి ధర నోట్లోంచి రానివ్వడు. అది చెప్పేస్తే గిరాకీ మెట్లు దిగిపోతుందని అతని అనుభవం.

ఇప్పుడు సత్యవాణి వేళ్లు పెన్సిల్ పట్టడం లేదు. ఇంజెక్షను ఇచ్చినా నొప్పి పూట కూడా ఆగడం లేదు. పొద్దున్న వచ్చిన డాక్టరు గుమ్మం దాటాక గొంతు తగ్గించి అన్నాడు: "ఆవిడ ఎందుకోసమో ప్రాణం పట్టుకుని కూర్చున్నారండీ. లేకపోతే ఇంత బాధ ఎవరూ పడరు."

గురునాథరావు లెక్క వేశాడు. తొంభై మూడో పేజీ. మిగిలినవి నూట ఏడు. పేజీకి నాలుగు వందల సంఖ్యలు, ఇప్పుడు సాగుతున్నవి రోజుకి పది. పదకొండేళ్ల పైమాటే.

"ఏవండీ," అంది సత్యవాణి. "పట్టిక వెనక నుంచి చూద్దామా?"

"వరస తప్పకూడదని నువ్వే కదా అంటావు."

"అన్నాను. ఇంక నావల్ల కాదండీ. ఎలాగోలా తేల్చేయండి. తేలిపోతే నేనూ పోతాను."

నొప్పి మళ్లీ వచ్చింది. మంచం పట్టీని పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. అవి మళ్లీ వదులయ్యేదాకా అతను చూస్తూ కూర్చున్నాడు.

"సరే, వాణీ. రాసుకో," అన్నాడు, ఆమె వేళ్లు పెన్సిల్ పట్టవని తెలిసీ.

పట్టిక ఆఖరి పేజీ తీశాడు. డాక్టరు ఆరు నెలలన్న మర్నాడు అదే పేజీలోంచి రెండు సంఖ్యలు తనే ఏరుకుని, దుకాణంలో చిత్తు కాగితం మీద గుణించి, ఆ లబ్ధాన్ని ఎడంచేత్తో కార్డు మీదకెక్కించి విజయనగరం లారీ డ్రైవరు చేత పోస్టు చేయించాడు. ఆ రెంటిలో మొదటిదాన్ని ఇప్పుడు ఒక్కో అంకే చదివాడు.